మీకు తెలుసా? పక్కింటి అద్దె మీద పెత్తనం ఎవరిది

ఎయిర్‌బీఎన్‌బీ 2008లో మొదలయ్యాక, ఊరికెళ్తే హోటల్‌కు బదులు ఎవరి ఇంట్లోనో దిగడం చాలామందికి అలవాటైంది. అమెరికాలో ఈ రోజువారీ అద్దెలకు నియమాలు పెట్టాల్సింది నగరమా, రాష్ట్రమా అన్న పేచీ మాత్రం ఇంకా తెగలేదు.

1. రాజ్యాంగంలో నగరాల ఊసే లేదు. అమెరికాలో నగరానికి ఏ అధికారం ఉన్నా అది రాష్ట్రం ఇచ్చిందే. అయోవా న్యాయమూర్తి జాన్ డిల్లన్ 1868లోనే ఈ సూత్రం చెప్పారు. తర్వాత చాలా రాష్ట్రాలు నగరాలకు స్వపరిపాలన ఇచ్చాయి. అయినా శాసనసభ తలచుకుంటే ఊరి నిబంధన చాలాసార్లు చెల్లకుండా పోతుంది.

2. అరిజోనా ఊళ్ల చేతులు కట్టేసింది. రోజువారీ అద్దెలను ఏ ఊరూ నిషేధించకూడదని 2016లో చట్టం చేసింది. ఎర్రకొండల సెడోనాలో ఉండేది పదివేల మందే. అక్కడి ఇళ్లు పర్యాటకులకు పోతుంటే, పనిచేసేవాళ్లకు తల దాచుకునే చోటు కరవైంది. చివరికి 2022లో, స్థానికులకు అద్దెకిచ్చే యజమానులకు 10,000 డాలర్ల దాకా ఇస్తామని నగరమే ముందుకొచ్చింది.

3. అదే అరిజోనా కొంత వెనక్కి తగ్గింది. ఊళ్లు పర్మిట్ అడగొచ్చని 2022లో చట్టం సవరించింది. పక్కింటికీ, ఎదురింటికీ, ఎదుటి వరసలో ఐమూలగా ఉన్న ఇంటికీ యజమాని ముందే సమాచారం ఇవ్వాలని ఊరు షరతు పెట్టొచ్చు. అర్ధరాత్రి గోల జరిగితే ఎవరికి ఫోన్ చేయాలో అందులో ఉండాలి. ఏడాదిలో మూడు ఉల్లంఘనలు రుజువైతే పర్మిట్ నిలిపేయొచ్చు.

4. ఫ్లోరిడాలో పాత నిబంధనలకే బలం. 2011 జూన్ 1 నాటికే చేసిన ఊరి నిబంధనలు చెల్లుతాయి. ఆ తర్వాత చేసినవైతే ఈ అద్దెలను నిషేధించలేవు, ఎన్ని రోజులకివ్వాలో, ఎన్నిసార్లివ్వాలో నిర్ణయించలేవు.

5. న్యూయార్క్‌లో రాష్ట్రమే కఠినం. అక్కడ చాలా అపార్ట్‌మెంట్లలో మొత్తం ఫ్లాట్‌ను 30 రోజుల లోపు అద్దెకివ్వకూడదని 2010లో రాష్ట్రమే చట్టం చేసింది. 2023 సెప్టెంబరు నుంచి నగరం రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. యజమాని ఇంట్లోనే ఉండాలి, అతిథులు ఇద్దరికి మించకూడదు, లోపలి గదులకు తాళాలు వేయకూడదు.

6. మనవాళ్లు ఎక్కువగా ఉండే డాలస్‌లో కోర్టు అడ్డుపడింది. విడి ఇళ్ల కాలనీల్లో ఈ అద్దెలు వద్దని 2023 జూన్‌లో నగర మండలి తీర్మానించింది. డిసెంబరులో కోర్టు దాని అమలును ఆపేసింది.

7. హవాయిలో రాష్ట్రమే అధికారం కిందికి దించింది. 2023 ఆగస్టులో లహైనా పట్టణం కాలిపోయి, వేల మంది నిలువ నీడ కోల్పోయారు. మరుసటి ఏడాది మే నెలలో గవర్నర్ జాష్ గ్రీన్ సంతకం చేసిన చట్టం, ఈ అద్దెలను క్రమంగా తీసేసే అధికారం జిల్లాల్లాంటి కౌంటీలకు ఇచ్చింది.

సొంతింటి మీద యజమానికి హక్కుంది, దాన్ని కాపాడడం రాష్ట్రం బాధ్యత. కానీ ఏ వీధిలో ఇళ్లు చాలడం లేదో, ఎక్కడ నిద్ర కరవైందో ముందు తెలిసేది ఆ ఊరికే. అందుకే రాష్ట్రం హద్దులు గీసి, ఆ హద్దుల్లో తీర్పు ఊరికి వదలాలి. మీరు అక్కడ అద్దెకివ్వడానికి ఇల్లు కొనాలనుకుంటే నగరం నిబంధనలతో సరిపెట్టుకోకండి, రాష్ట్ర చట్టం కూడా చదివాకే సంతకం పెట్టండి.