కొత్త ఇన్‌ఛార్జికి గౌరవం ఎలా వస్తుంది?

మా ఓపీకి వచ్చేవారిలో కొందరికి ఏ పరీక్ష చేసినా తేడా కనిపించదు. తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, గుండెదడ, తిన్నది అరగకపోవడం మాత్రం ఉంటాయి. కాస్త నెమ్మదిగా అడిగితే అసలు సంగతి బయటికి వస్తుంది. "ఈమధ్యే సూపర్‌వైజరుగా వేశారండి. నిన్నటిదాకా ఒకే బెంచీ మీద కూర్చుని క్యారేజీ తిన్నవాళ్లు, ఇప్పుడు నన్ను చూస్తే మాట ఆపేస్తున్నారు."

ఎచ్చెర్ల చుట్టుపక్కల కుటుంబాలకు ఇది కొత్త విషయం కాదు. పైడిభీమవరం పరిశ్రమల్లో షిఫ్టు ఇన్‌ఛార్జి, బడిలో కొత్త హెడ్‌మాస్టరు, డ్వాక్రా సంఘం లీడరు, తాపీ పనివాళ్ల మేస్త్రీ, ఆస్పత్రిలో వార్డు సిస్టరు... ఎవరైనా మొదటి కొన్ని నెలలు ఈ ఇబ్బంది పడేవారే. ఆర్డరు కాగితం ఒక్కరోజులో చేతికి వస్తుంది. గౌరవం రావడానికి కొంత కాలం పడుతుంది. ఆ కాలాన్ని ఎలా గడపాలో ఈ నెల చూద్దాం.

ముందు పని, తర్వాత పదవి

మన రాష్ట్రంలో ఆస్పత్రుల చరిత్ర చదివినవారికి డాక్టర్ అన్నా సారా కుగ్లర్ పేరు తెలుసు. ఆమె 1856లో అమెరికాలో పుట్టారు. 1879లో వైద్య విద్య పూర్తి చేసి, 1883లో గుంటూరు వచ్చారు. చదివింది డాక్టరు చదువే అయినా, ఆమెను పంపినవారు మొదట డాక్టరుగా నియమించలేదు. స్త్రీలకు, బాలికలకు చదువు చెప్పే పని అప్పగించారు. ఆమె ఆ పని చేస్తూనే, అడిగిన ఇళ్లకు వెళ్లి ఆడవారికి, పిల్లలకు వైద్యం చేశారు. 1885లో గాని వైద్యురాలిగా నియామకం రాలేదు. గుంటూరులో ఆస్పత్రి 1898లో తెరిచారు. అప్పటికి ఆమె వచ్చి పదిహేనేళ్లు. 1930లో కన్నుమూసేవరకు ఆమె సేవ గుంటూరుతోనే ముడిపడి ఉంది. ఈనాటికీ ఆ ఆస్పత్రిని జనం ఆమె పేరుతోనే పిలుస్తారు.

మనలో చాలామందికి దీనికి తిరగేసి జరుగుతుంది. పదవి ముందు వస్తుంది, నమ్మకం ఇంకా రాదు. అయినా చేయవలసింది ఒక్కటే. మన చేతి పని వాళ్లు చూడాలి. కొత్త వార్డు సిస్టరు మొదటివారం ఒక నైట్ డ్యూటీ తానే చేస్తే, అక్కడ రాత్రి రెండు గంటలకు ఏ మందు దొరకదో, ఏ లైటు వెలగదో ఆమెకు తెలుస్తుంది. ఆ లైటు మర్నాడు వెలిగితే, ఇరవై మాటలు చెప్పనవసరం లేదు.

పిలిచేవరకు ఆగిన నైటింగేల్

1854 నవంబరులో ఫ్లోరెన్స్ నైటింగేల్ 38 మంది నర్సులతో టర్కీలోని స్కుటారి సైనిక ఆస్పత్రికి చేరారు. అక్కడి సైనిక వైద్యులకు ఆమె రావడం ఇష్టం లేదు. ప్రభుత్వం ఇచ్చిన అధికారం ఆమె చేతిలో ఉంది. అయినా, వైద్యులు అడిగేవరకు తన నర్సులను వార్డుల్లోకి పంపలేదు. ఆ రోజుల్లో వారు గుడ్డలు కుట్టారు, కట్లు సిద్ధం చేశారు, వంట సంగతి చూశారు. గాయపడినవారు ఓడల నిండా వచ్చి పడ్డప్పుడు ఆ వైద్యులే సాయం అడిగారు.

కొత్తగా వచ్చినవారు మొదటిరోజే పాత పద్ధతులన్నీ మార్చేయాలని తొందరపడతారు. ఎన్నో ఏళ్లుగా ఆ పని చేస్తున్నవారికి అది తమను తక్కువ చేసినట్టు ఉంటుంది. ప్రాణానికి ప్రమాదమైనవి వెంటనే ఆపాల్సిందే. మిగిలినవాటి గురించి "ఇది ఇలా ఎందుకు చేస్తున్నారు?" అని ముందు అడగండి. కొన్నిసార్లు దానికి మంచి కారణమే ఉంటుంది.

మాట పడే రోజు ఎవరు ముందుండాలి?

1979 ఆగస్టు 10న మన శ్రీహరికోట నుంచి పంపిన మొదటి ఎస్.ఎల్.వి.-3 రాకెట్ సముద్రంలో పడిపోయింది. ప్రాజెక్టు డైరెక్టరు అబ్దుల్ కలాం. ఆరోజు విలేకరుల ముందుకు వచ్చి బాధ్యత తనదని చెప్పినవారు ఇస్రో ఛైర్మన్ సతీష్ ధావన్. 1980 జులై 18న అదే ఎస్.ఎల్.వి.-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. అప్పుడు విలేకరులతో మాట్లాడమని ధావన్ గారు కలాం గారినే పంపారు. ఈ సంగతి కలాం గారు తర్వాత ఎన్నో సభల్లో చెప్పారు. ఇప్పుడు ఆ కేంద్రానికి ధావన్ గారి పేరే ఉంది.

మేనేజరు కోప్పడిన రోజు "మావాళ్లే సరిగ్గా చేయలేదండి" అని చెప్పే ఇన్‌ఛార్జిని జట్టు మరిచిపోదు. పైవారి ముందు నిలబడి, తర్వాత తలుపు వేసుకుని తన మనిషితో తప్పేమిటో మాట్లాడినవారినీ మరిచిపోదు.

భయం ఉన్నచోట పొరపాటు దాగుతుంది

గౌరవం, భయం ఒకటే అనుకోవడం మన దగ్గర బాగా అలవాటు. ఆస్పత్రిలో దీనికి రోగి మూల్యం చెల్లిస్తాడు. అమెరికాలో అమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990లలో ఆస్పత్రి వార్డుల్లో మందుల పొరపాట్లను పరిశీలించారు. బాగా పనిచేసే జట్లలో పొరపాట్లు తక్కువగా కనిపిస్తాయని అందరూ అనుకుంటారు. ఆమెకు ఎక్కువగా కనిపించాయి! ఆ వార్డుల్లో పొరపాటును దాచకుండా చెప్పుకోగలుగుతున్నారన్నది ఆమెకు దొరికిన వివరణ. చెప్పుకుంటేనే సరిదిద్దుకోవడం కుదురుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషన్లకు ఒక చెక్‌లిస్టు తెచ్చింది. కత్తి పెట్టేముందు గదిలో ఉన్న ప్రతివారూ తమ పేరు, తమ పని చెప్పుకోవాలన్నది అందులో ఒక అంశం. న్యూఢిల్లీతో కలిపి 8 నగరాల ఆస్పత్రుల్లో దీన్ని వాడి చూశారు. 2009లో ప్రచురించిన ఫలితాల ప్రకారం ఆపరేషన్ తర్వాత మరణాలు నూటికి 1.5 నుంచి 0.8కి, పెద్ద ఇబ్బందులు 11 నుంచి 7కి తగ్గాయి. పేరు చెప్పుకున్న చిన్న నర్సుకు "డాక్టరు గారూ, ఒక్క నిమిషం" అనడానికి ధైర్యం వస్తుంది. మందుల ఫ్యాక్టరీలో రియాక్టరు దగ్గర నిలబడే కుర్రాడికీ ఆ ధైర్యమే కావాలి.

కింద పనిచేసేవారి గుండె

ఇంగ్లండులో 1985లో మొదలైన రెండో వైట్‌హాల్ అధ్యయనంలో పదివేలమందికి పైగా ప్రభుత్వ ఉద్యోగులను ఏళ్ల తరబడి పరిశీలించారు. తమ పనిలో తమకు ఏ మాటా చెల్లనివారికి గుండెజబ్బు ముప్పు ఎక్కువని తేలింది. అంటే, "ఈ పని ముందు చేద్దామా, అది ముందు చేద్దామా?" అని అడిగే ఇన్‌ఛార్జి మర్యాద చూపడంతోపాటు ఆరోగ్యానికీ మేలు చేస్తున్నట్టే.

మొదటి నెలలో చేయదగినవి

1. ప్రతి ఒక్కరితో పది నిమిషాలు విడిగా కూర్చోండి. పనిలో ఏది కష్టంగా ఉందో అడగండి. విన్నదాంట్లో ఒక్కటైనా ఆ నెలలోనే బాగుచేయండి.

2. వయసులో పెద్దవారిని ఎప్పటిలాగే పిలవండి. నిన్నటిదాకా "అప్పా" అని పిలిచిన ఆయమ్మను ఈరోజు పేరు పెట్టి పిలిస్తే పోయేది మీ మర్యాదే.

3. స్నేహితులతో ముందే చెప్పేయండి. "బయట మనం ఎప్పటిలాగే. డ్యూటీలో మాత్రం అందరికీ ఒకే లెక్క."

4. డ్యూటీ చార్టు అందరికీ కనిపించేలా గోడకు పెట్టండి. సంక్రాంతి, క్రిస్మస్ సెలవులు వంతులవారీగా ఇవ్వండి. మన ఊరివాడని, మన బంధువని వంతు మార్చవద్దు.

5. మెచ్చుకోవడం నలుగురిలో, మందలించడం ఒంటరిగా. ఒకరి మీద మరొకరు చెప్పే చాడీలకు చెవి ఇవ్వవద్దు.

6. తెలియనిది "తెలియదు, కనుక్కుని చెబుతాను" అనండి. కనుక్కుని నిజంగా చెప్పండి.

7. ఇంటికి వెళ్లాక ఫోనుకు ఒక హద్దు పెట్టండి. భోజనం వేళకు, నిద్ర వేళకు ఉద్యోగాన్ని రానీయవద్దు.

ఇంత చేసినా కొందరు కలిసిరాకపోవచ్చు. ఆ స్థానం తమకే వస్తుందని ఎదురుచూసినవారికి బాధ ఉంటుంది. ఆ బాధను ఎగతాళి చేయకండి. వారి అనుభవం అవసరమైన పని ఒకటి వారికే అప్పగించండి. పనికి అడ్డుపడుతుంటే మాత్రం, ఏ రోజు ఏం జరిగిందో నెమ్మదిగా, సూటిగా చెప్పండి.

ఇంట్లోవారికి ఒక మాట. మీవారు కొత్త బాధ్యతలోకి వెళ్లి చిరాకు పడుతుంటే, "పెద్ద పోస్టు కదా, సంతోషించు" అని తేల్చేయకండి. కాసేపు వినండి. రెండు మూడు వారాలు దాటినా నిద్ర పట్టకపోయినా, గుండెదడ తగ్గకపోయినా, మద్యం వైపు చేయి వెళుతున్నా ఆస్పత్రికి తీసుకురండి. బీపీ, షుగరు చూపించుకోండి. బీపీ 140/90 లేదా అంతకు పైన ఉంటే మళ్లీ మళ్లీ చూపించుకోవాలి. ఛాతీలో నొప్పి వస్తే, అది పని ఒత్తిడేలే అని ఇంట్లో కూర్చోకుండా వెంటనే బయలుదేరండి. రాత్రయినా సరే, 108కి ఫోను చేయడానికి మొహమాటపడకండి.