పాలపళ్ళ మధ్య నాలుగు సందులు

పాలపళ్ళు మొత్తం ఇరవై. వాటిలో దారం వేయాల్సిన సందులు చాలామంది పిల్లలకు నాలుగే. ఈ మాట ముందే చెప్పేస్తే తల్లుల భయం సగం తగ్గుతుంది. ఇలా దారంతో సందులు శుభ్రం చేసే ఫ్లాసింగ్ అనగానే నోరంతా, ప్రతి పన్ను మధ్యా, ఏడ్చే పిల్లను ఒడిసిపట్టుకుని అరగంట కుస్తీ పట్టాలనుకుంటారు. అంత లేదు. రెండు మూడు నిమిషాల పని. ఆ నాలుగూ వదిలేస్తే వచ్చే తిప్పలే పెద్దవి.

నేను ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేసి రిటైరయ్యాను. కూతురూ అల్లుడూ పొద్దున్నే విజయవాడ బస్సెక్కితే చీకటిపడ్డాకే ఇంటికి చేరతారు. అందుకని నాలుగేళ్ళ మనవరాలి పళ్ళు నా పూచీ. మా వీధిలో ఈ దారం సంగతి ఎవరికి చెప్పినా ముందు అడిగేది ఒకటే: "ఊడిపోయే పళ్ళకి ఇంత సేవ ఎందుకండీ బాబాయిగారూ?"

అన్నీ ఒకేసారి ఊడవు కదా. ఆరేడేళ్ళకు ఊడేవి ముందు పళ్ళు. వెనకాల నమిలే దవడ పళ్ళు తొమ్మిదేళ్ళ నుంచి పన్నెండేళ్ళ దాకా ఉండాల్సినవి. నాలుగేళ్ళ పిల్లకు వాటితో ఇంకా ఆరేడేళ్ళ పనుంది. పైగా కింద తయారవుతున్న పక్కా పళ్ళకు చోటు పట్టి ఉంచేవి అవే. వెనక పాలపన్ను పుచ్చి ముందుగానే తీసేయాల్సి వస్తే, ఆరో ఏట దాని వెనక వచ్చే పక్కా పన్ను ముందుకు ఒరిగి ఆ జాగా ఆక్రమిస్తుంది. తర్వాత రావలసిన పన్నుకు చోటుండదు. అప్పుడిక క్లిప్పుల కోసం తిరగాలి.

ఆ నాలుగు సందులు ఎక్కడంటే, పై దవడలో కుడివైపు రెండు, ఎడమవైపు రెండు, కింద దవడలోనూ అలాగే, పిల్లలకు నమిలే పళ్ళు ఉంటాయి. ప్రతి జంటకూ మధ్య ఒక సందు. మొదటి దవడ పన్ను ఏడాదిన్నర అటూ ఇటూగా వస్తుంది. రెండోది రెండేళ్ళు నిండాక, మూడేళ్ళ లోపు వస్తుంది. అది పూర్తిగా పైకొచ్చాక రెండూ ఆనుకుంటాయి. పెద్దవాళ్ళ పళ్ళు ఒక చుక్క దగ్గర తగిలితే, పాలపళ్ళు వెడల్పుగా ఒకదానికొకటి ఒరుసుకుని కూర్చుంటాయి. ఆ వెడల్పులోకి బ్రష్ కుచ్చు దూరదు, ఎంత మంచి బ్రష్ అయినా సరే. ముందు పళ్ళు ఎడం ఎడంగా ఉంటే దారం అక్కర్లేదు, బ్రష్షే చాలు. ఎడం పళ్ళు చూసి కొందరు తల్లులు బెంగపడతారు గానీ పాలపళ్ళకు అది మంచిదే, రాబోయే పెద్ద పళ్ళకు జాగా ఉన్నట్టు. ముందు పళ్ళు కూడా ఆనుకుని ఉన్న పిల్లలకు మాత్రం అక్కడా దారం వేయాలి. లెక్క వయసుది కాదు, ఆనుకోవడానిది.

చక్కెర నా వృత్తి కాబట్టి ఇందులో నాకు బాగా తెలిసిన సంగతి ఒకటుంది. కోసిన చెరకు వెంటనే మిల్లుకు చేరాలి. ఎండలో నిలవుంటే కోసిన కొసల్లోంచి ల్యూకోనోస్టాక్ అనే బాక్టీరియా చేరి, చక్కెరను డెక్స్‌ట్రాన్ అనే బంకగా మార్చేస్తుంది. రసం జిగటెక్కుతుంది, వడపోత మందగిస్తుంది, పంచదార పలుకు సరిగా కట్టదు. మిల్లులో కడగకుండా వదిలేసిన మూలల్లో ఆ జిగురు చేత్తో గీకితే వచ్చేంతగా పేరుకుంటుంది. పిల్లల నోట్లో జరిగేదీ ఇలాంటి రసాయనమే. స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ అనే బాక్టీరియాను 1924లో లండన్‌లో క్లార్క్ అనే శాస్త్రవేత్త పుచ్చిన పళ్ళలో గుర్తించి పేరు పెట్టాడు. అదీ చక్కెర నుంచి బంక చేసుకుని, ఆ బంకతో పన్నును పట్టుకుని, మిగిలిన చక్కెరను ఆమ్లంగా మారుస్తుంది. మనం పాచి అనేది ఈ బాక్టీరియా నిండిన బంకనే. తీపి నోట్లో పడ్డ కొద్ది నిమిషాల్లోనే పాచి కింద పీహెచ్ 5.5 కంటే దిగువకు పడిపోతుంది, పన్ను పైపొర కరగడం మొదలవుతుంది. తిరిగి మామూలు స్థితికి రావడానికి అరగంట నుంచి గంట పడుతుంది. నీళ్ళు పుక్కిలిస్తే మెతుకులు పోతాయి గానీ బంక పోదు. దాన్ని ఏదో ఒకటి తగిలి గీకాల్సిందే. పైన బ్రష్ గీకుతుంది, సందులో దారం గీకుతుంది.

మా పెద్దమ్మాయి కొడుక్కి ఆరేళ్ళప్పుడు అన్నం తింటుంటే కింద కుడివైపు ఏదో ఇరుక్కుంటోందని గోల చేసేవాడు. పైనుంచి చూస్తే పళ్ళు తెల్లగా ఉన్నాయి, ఎక్కడా గుంట లేదు. పళ్ళ డాక్టరుగారు చిన్న ఫిల్ము పళ్ళ మధ్య కొరికించి ఎక్స్-రే తీసి చూపించారు. ఆనుకుని ఉన్న రెండు దవడ పళ్ళ మీదా, ఎదురెదురుగా, నల్లటి నీడలు. ఒకదానికి ఫిల్లింగుతో సరిపోయింది. రెండోదాంట్లో పుప్పి నరం దాకా వెళ్ళిపోవడంతో వేరు చికిత్స చేసి స్టీలు టోపీ పెట్టారు. పాలపన్ను పైపొర మందం పక్కా పన్ను పైపొరలో సుమారు సగమే. లోపలి నరం గది పెద్దది, బయటికి దగ్గర. అందుకే సందులో మొదలైన పుప్పి మనకు కనపడేలోపే లోపలికి పోతుంది. ఇలాంటి ఎక్స్-రే గురించి విజయవాడ ప్రభుత్వ దంత వైద్య కళాశాలలో గానీ, గన్నవరం దగ్గర చినఅవుటపల్లి దంత కళాశాలలో గానీ పిల్లల పళ్ళ విభాగంలో అడగవచ్చు.

మరి దారం వేస్తే పుప్పి నిజంగా ఆగుతుందా? ఈ ప్రశ్న మీద ప్రపంచంలో చాలా వాదన జరిగింది. 2016 ఆగస్టులో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ ఫ్లాసింగ్‌కు రుజువులు బలహీనమని రాస్తే మన టీవీల దాకా వచ్చింది. 2019లో కోక్రేన్ సంస్థ చేసిన సమీక్ష, బ్రష్‌తో పాటు దారం వాడితే చిగుళ్ళ వాపు కొంత తగ్గవచ్చని తేల్చింది. ఆ ప్రయోగాలు సందుల్లో పుప్పిని కొలవలేదు. పిల్లల విషయంలో నాకు అన్నిటికంటే పనికొచ్చినది 2006లో జర్నల్ ఆఫ్ డెంటల్ రీసెర్చ్‌లో వచ్చిన సమీక్ష. నాలుగు నుంచి పదమూడేళ్ళ లోపు 808 మంది పిల్లల మీద జరిగిన ఆరు ప్రయోగాలను అందులో కలిపి చూశారు. ఫ్లోరైడ్ తక్కువగా అందుతున్న పిల్లలకు, బడి ఉన్న ప్రతిరోజూ నేర్పున్నవాళ్ళు దారం వేస్తే, ఏడాదిన్నర దాటేసరికి సందుల్లో పుప్పి ముప్పు 40 శాతం తగ్గింది. మూడు నెలలకోసారి వేసినచోట లాభం లేదు. పిల్లలే సొంతంగా వేసుకున్నచోట కూడా లేదు.

నా మనసులో నాటుకున్నది ఆ చివరి రెండు వాక్యాలే. దారం పనిచేయాలంటే పెద్దవాళ్ళ చెయ్యి కావాలి, రోజూ కావాలి. ఐదేళ్ళ పిల్లాడి చేతికి పెట్టె ఇచ్చి "వేసుకో నాన్నా" అనడం దండగ. ఎనిమిది, పదేళ్ళు వచ్చి వేళ్ళు స్వాధీనంలోకి వచ్చేదాకా మనమే చెయ్యాలి.

చేసే తీరు చెబుతాను. రాత్రి అన్నం, పాలు అన్నీ అయ్యాక, పడుకోబోయే ముందు చేస్తాను. మంచం మీద నేను కాళ్ళు చాపి కూర్చుంటాను, మనవరాలు నా ఒళ్ళో తల పెట్టి పైకి చూస్తూ పడుకుంటుంది. నోట్లోకి లైటు పడాలి. మూరెడు దారం తుంచి రెండు చేతుల మధ్యవేళ్ళకూ చుట్టి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య అంగుళం దారం బిగువుగా పట్టుకుంటాను. సందు మీద పెట్టి రంపం ఆడించినట్టు ముందుకూ వెనక్కూ మెల్లగా కదుపుతూ దించాలి. ఒక్కసారిగా నొక్కితే చిగురు తెగి పిల్ల మళ్ళీ నోరు తెరవదు. లోపలికి దిగాక చాలామంది చేసే పొరపాటు, తిన్నగా పైకి లాగేయడం. అలా చేస్తే మెతుకు వస్తుంది, పాచి అలాగే ఉంటుంది. దారాన్ని ముందు పన్ను గోడకు వంచి ఆనించి, చిగురు అంచు దాకా నాలుగైదు సార్లు కిందికీ పైకీ గీకాలి. తర్వాత వెనక పన్ను గోడకు. ఒక్కో సందుకూ దారంలో కొత్త ముక్క జరుపుకోవాలి.

"ఇవాళ ఏమొచ్చింది తాతయ్యా?" అని మనవరాలు దారం చూపించమంటుంది. ఒక్కోరోజు పొద్దున తిన్న జంతిక ముక్క, ఎక్కువ రోజులు పసుపుపచ్చటి మెత్తటి పాచి. ఆ దారం నేను వాసన చూస్తాను. మూడు సందుల్లో లేని దుర్వాసన నాలుగో సందులో రోజూ వస్తుంటే, లేదా అదే చోట దారం పోగులు రేగి చీలుతుంటే, అక్కడ పుప్పి మొదలైందో, ఫిల్లింగు అంచు లేచిందో డాక్టరుకు చూపించాలి. మొదటి రోజుల్లో కాస్త నెత్తురు రావడం మామూలే, పాచి వల్ల చిగురు వాచి ఉంటుంది. దారం మానకుండా వేస్తే వారం, రెండు వారాల్లో ఆగుతుంది. ఆగకపోతే చూపించండి.

వేళ్ళు లావుగా ఉన్నవాళ్ళకు పిడి ఉన్న ఫ్లాస్ పుల్లలు సులువు. ఒకసారి వాడి పారేయాలి. మామూలు ఫ్లాస్ పెట్టెలో 50 మీటర్లు వస్తుంది, రోజుకు మూరెడు చొప్పున మూడు నెలలకు పైనే. కుట్టు దారం వద్దు, తెగి ముక్క సందులోనే ఉండిపోతుంది. మామిడిపండు పీచు ఇరుక్కుందని పిన్నీసు, చీపురుపుల్ల పెట్టే అలవాటు మన ఇళ్ళల్లో ఇంకా పోలేదు. పసిపిల్లల చిగుళ్ళ దగ్గర అది ఎంతమాత్రం చేయకూడని పని.

దారం కంటే ముందు నిలిచేది ఫ్లోరైడ్ పేస్టు. మూడేళ్ళలోపు బియ్యపు గింజంత, ఆ తర్వాత బఠాణీ గింజంత, రోజుకు రెండుసార్లు, పెద్దవాళ్ళ చేత్తో. పిల్లల పేస్టు అని బొమ్మలతో అమ్మేవాటిలో కొన్నింటిలో ఫ్లోరైడ్ అసలుండదు, కొన్నింటిలో సగమే ఉంటుంది. ట్యూబు వెనక చదివి 1000 పీపీఎం దగ్గర ఉన్నది తీసుకోండి, మన దేశంలో పేస్టుకు అనుమతించిన గరిష్ఠ పరిమితీ అదే. నల్గొండ వైపు, కనిగిరి, దర్శి వైపు నీళ్ళలోనే ఫ్లోరైడ్ ఎక్కువ ఉన్న ఊళ్ళవాళ్ళు మాత్రం డాక్టరును అడిగి వాడాలి.

తీపి సంగతి చెప్పకుండా ఉయ్యూరువాణ్ణి ఈ వ్యాసం ముగించలేను. మాఘమాసంలో మా ఊళ్ళో వీరమ్మతల్లి తిరునాళ్ళు పదిహేను రోజులు సాగుతాయి. పిల్లలకు జీళ్ళు కొనకుండా ఎవరూ ఇంటికి రారు. కొనండి. కానీ సంచీలో పెట్టుకుని సాయంత్రమంతా ఒక్కొక్కటే చప్పరించనివ్వొద్దు. స్వీడన్‌లో విపెహోల్మ్ ఆసుపత్రిలో 1945 నుంచి కొన్నేళ్ళు చక్కెరా పుప్పీ మీద ప్రయోగం చేశారు. బుద్ధిమాంద్యం ఉన్న రోగుల మీద, వాళ్ళ అనుమతి లేకుండా చేసిన ఆ పని ఘోరం. అందులో తేలిన విషయం మాత్రం ఇప్పటికీ నిలిచింది. భోజనంతో పాటు తిన్న చక్కెర కంటే, భోజనాల మధ్య పళ్ళకు అంటుకునే మిఠాయి చాలా ఎక్కువ పుప్పి తెచ్చింది. జీళ్ళైనా, బందరు హల్వా అయినా భోజనంతోనే పెట్టి, ఆ రాత్రి దారం వేయడం మరిచిపోకండి.

మరొకటి. ఆరేళ్ళ వయసులో ఏ పన్నూ ఊడకుండానే, పాల దవడ పళ్ళ వెనక కొత్త దవడ పన్ను నాలుగు మూలలా వస్తుంది. ఇది పక్కా పన్ను, జీవితాంతం ఉండాల్సింది. పాలపన్నే అనుకుని వదిలేసేవాళ్ళు ఎంతోమంది. అది వచ్చి ముందున్న పాలపన్నుకు ఆనుకున్న రోజు నుంచి పుప్పి ఇటునుంచి అటు అంటుకునే వీలుంటుంది. మా మనవరాలికి ఇంకా రెండేళ్ళుంది. అప్పటినుంచి మా రాత్రి పని నాలుగు సందులు కాదు, ఎనిమిది.