ప్రింటరునకు కాగితము కనబడునా?

అనంతపురము నుండి కదిరికి పోవు రహదారిపై ముదిగుబ్బ యను మండల కేంద్రము గలదు. పూర్వము అనంతపురము జిల్లాలో నుండిన ఈ ఊరు 2022వ సంవత్సరము నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరియున్నది. పడమటి కనుమలు నైరుతి ఋతుపవనములకు అడ్డుపడుటచేత ఈ పీఠభూమిలో వాన తక్కువ. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే కురియును. వేరుసెనగ చేలు వానకై ఎదురుచూచు ఈ సీమలో ఏడాదిలో చాల కాలము గాలి పొడిగా నుండును. ఈ పొడిగాలికిని కంప్యూటరు ప్రింటరునకును సంబంధమేమని ఎవరైన అడుగవచ్చును. సంబంధము కలదు. దానిని తెలిసికొనుటకు ముందు ఒక చిన్న ఉదాహరణము చూతము.

ఒక రైతు కుటుంబములో పెద్దాయన మరణించెననుకొందము. ఆయన ఫోటో ఇంటివారి సెల్‌ఫోనులో ఒక్కటే కలదు. దానిని పెద్దది చేయించి పటము కట్టింపవలెనని మనుమడు జిరాక్సు అంగడికి పోయెను. అంగడివారు నిగనిగలాడు ఫోటో కాగితమును ప్రింటరులో పెట్టి అచ్చు తీసిరి. ముఖముపై సన్నని అడ్డచారలు పడినవి. వ్రేలు తగులగానే మీసపు నలుపు చెదరి చెంపమీదికి ప్రాకినది. కాగితము మంచిది కాదని తలచి మరియొకటి పెట్టిరి. ఫలితము అదియే. మూడవసారి అమరికలలో ‘ప్లెయిన్ పేపరు’ అని యున్నచోట ‘గ్లాసీ ఫోటో పేపరు’ అని మార్చి తీయగా చిత్రము చక్కగా వచ్చెను. కాగితపు రకము మారలేదు, సిరా మారలేదు, యంత్రము మారలేదు. మారినది ఒక్క మాట. ఆ ఒక్క మాట ఇంత పని ఎట్లు చేసెను?

చూపులేని యంత్రము

తెరపై నున్న చిత్రము కాగితముమీదికి రావలెనన్న నడుమ ఒక దుబాసీ కావలెను. ఆ పని చేయు ప్రోగ్రామునకే డ్రైవరు అని పేరు. తెరపై ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు కాంతులు కలసి రంగులను కల్పించును. కాగితము స్వయముగా వెలుగునీయదు. దానిపై పడిన తెల్లని కాంతిలో కొంత భాగమును సిరా హరింపగా మిగిలినదే మన కంటికి రంగుగా తోచును. కావున ప్రింటరులో సాధారణముగా ఆకాశనీలము, ముదురుగులాబి, పసుపు, నలుపు అను నాలుగు సిరాలుండును. తెరభాషలో నున్న చిత్రమును డ్రైవరు సిరాభాషలోనికి మార్చి, ఎక్కడ ఏ సిరా ఎంత పడవలెనో లెక్కగట్టించును.

ఈ లెక్క కాగితమునుబట్టి మారవలెను. కాని ఇండ్లలోను అంగళ్లలోను వాడు ప్రింటర్లలో చాలవాటికి తమలో పెట్టిన కాగితము ఎట్టిదో తెలిసికొను శక్తి లేదు. కాగితము ఉన్నదా లేదా అనుటయే వాటికి తెలియును. అది దరఖాస్తు కాగితమో, ఫోటో కాగితమో చెప్పవలసినవారు మనమే. మనము చెప్పినదే యంత్రమునకు సత్యము. తప్పు చెప్పినచో అది తప్పు లెక్కనే నమ్మకముగా అమలుపరచును.

సిరా బిందువు, కాగితపు గంజి

ఇంక్‌జెట్ ప్రింటరు తలలో కంటికి కానరాని సన్నని రంధ్రములు వందలకొలది ఉండును. కొన్ని యంత్రములలో సిరాను రెప్పపాటుకంటె తక్కువ కాలములో వేడిచేయగా ఆవిరి బుడగ పుట్టి బిందువును వెలికి త్రోయును. మరికొన్నింటిలో విద్యుత్తు సోకగానే వంగు చిన్న పలక ఆ పని చేయును. ఫోటోలు తీయు యంత్రములలో ఒక బిందువు 2 పీకోలీటర్లంత చిన్నదిగా ఉండవచ్చును. పీకోలీటరనగా లీటరును లక్ష కోట్ల భాగములు చేయగా అందులో ఒక భాగము. గోళపు ఘనపరిమాణ సూత్రముచే లెక్కించినచో ఈ బిందువు వ్యాసము సుమారు 0.016 మిల్లీమీటరు వచ్చును. ఇది తలవెంట్రుక మందములో నాలుగవ వంతో, ఐదవ వంతో అగును.

బిందువు ఎంత చిన్నదైనను, పడినచోట అది ఎంత ప్రాకవలెనో నిర్ణయించునది కాగితము. కాగితమనగా సెల్యులోజు పోగుల అల్లిక. ఆ పోగుల సందులు ద్రవమును పీల్చుకొనును. అద్దుడు కాగితముపై సిరాచుక్క వ్యాపించుటకు కారణమిదియే. దీనిని అడ్డుకొనుటకు, నేతగాండ్రు పడుగునకు గంజి పెట్టునట్లు, మిల్లులలో వ్రాతకాగితమునకు పిండిపదార్థము మున్నగునవి పట్టింతురు. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు ఈ కిటుకును ఏనాడో ఎరుగుదురు. వారు నూలుగుడ్డను కరక్కాయ రసము, గేదెపాలు కలిపిన ద్రవములో ముంచి ఆరవేయుదురు. పాలలోని క్రొవ్వువలన కలముతో గీసిన గీత ప్రాకక నిలుచును.

ఫోటో కాగితము ఈ దారిలో మరింత ముందుకు పోయినది. నిగనిగలాడు రకములలో చాలవాటియందు కాగితమునకు ఇరువైపుల పలుచని ప్లాస్టిక్ పూతయు, దానిపై ఒకవైపున సిలికా వంటి పదార్థపు మిక్కిలి సన్నని పొడితో చేసిన పొరయు ఉండును. ఆ పొరలోని సూక్ష్మ రంధ్రములు బిందువును పడినచోటనే లోనికి పీల్చి నిలుపును. అందుచేతనే దానిపై ఎక్కువ సిరాను దగ్గర దగ్గరగా వేయవచ్చును. మామూలు కాగితముపై అదే పని చేసినచో పోగులు తడిసి, ఉబ్బి, కాగితము అలలు తేలును. సిరా వెనుకవైపునకు దిగును.

ఒక్క మాటతో మారునవి

‘పేపరు టైపు’ అను అమరికలో మనము ఒక పేరును ఎన్నుకొనగానే లోపల అనేక విషయములు మారును. అందులో మొదటిది సిరా మోతాదు. నాలుగు సిరాలును పూర్తిగా ఒకే చోట పడినచో మొత్తము 400 శాతమగును. అంత తడిని మామూలు కాగితము భరింపలేదు. కావున డ్రైవరు దానికొక హద్దు పెట్టును. ఫోటో కాగితమునకు ఆ హద్దు హెచ్చు.

రెండవది నలుపు. చాల ప్రింటర్లలో అక్షరముల కొరకు వాడు నల్లసిరాలో రంగుపొడి కణములు తేలుచుండును; తక్కిన రంగులు నీటిలో కరిగిన అద్దకములు. పొడి కణములు మామూలు కాగితపు పోగులలో చిక్కుకొని చక్కగా నిలుచును. నిగనిగలాడు పొరలోనికి అవి దిగలేక పైననే నిలిచి, తుడిచిన వచ్చివేయును. పై ఉదాహరణలో మీసము చెదరినది ఇందువలననే. గ్లాసీ అని చెప్పినచో యంత్రము ఆ నలుపును మాని, రంగుల కలయికతోనో, కరిగిన నల్లసిరాతోనో నలుపును కల్పించును.

మూడవది నడక. మామూలు కాగితమని చెప్పినచో తల వేగముగా పోవుచు ఒక పట్టీ వెడల్పు అచ్చును వేసి, కాగితమును ముందుకు జరుపును. జరుపుటలో ఏ కొంచెము తేడా వచ్చినను పట్టీల నడుమ గీత కనబడును. ఫోటో కాగితమని చెప్పినచో ఒక్కొక్క వరుసను పలుమారులు నింపును. తేడాలు ఒకదానిలో ఒకటి కలసిపోవును. కాలమెక్కువ పట్టినను చారలు పోవును.

కాబట్టి దరఖాస్తులకు, ప్రశ్నపత్రములకు ‘ప్లెయిన్’. మెరుపులేని పూతకాగితమునకు ‘మ్యాట్’. నిగనిగలాడు దానికి ‘గ్లాసీ’ అని చెప్పవలెను. కాగితపు పొట్లముపై వ్రాసిన పేరు అమరికలలో లేనిచో దానికి దగ్గరి రకమును ఎన్నుకొని ఒక చిన్న ముక్కపై పరీక్షింపవలెను. మామూలు కాగితము పెట్టి గ్లాసీ యని చెప్పుట మేలని కొందరు తలతురు. అది సిరా దండుగ. కాగితము పట్టి నిలుపలేని వివరమును సిరా ఈయజాలదు.

ఫోటో కాగితమునకు సామాన్యముగా ఒకవైపే పూత యుండును. తడిచేసిన వ్రేలిని మూలన ఆనించినచో పూతగల వైపు కొంచెము అంటుకొనును. అచ్చు ఆ వైపుననే పడవలెను.

కొలతలలో మోసము

పరీక్ష దరఖాస్తులలో తరచుగా 35 మిల్లీమీటర్ల వెడల్పు, 45 మిల్లీమీటర్ల ఎత్తు గల ఫోటో అడుగుదురు. 4 అంగుళముల వెడల్పు, 6 అంగుళముల పొడవు గల కాగితముపై ఇట్టివి నాలుగేసి చొప్పున రెండు వరుసలలో 8 పట్టును. కాని ‘ఫిట్ టు పేజి’ అను అమరిక ఉన్నచో ప్రింటరు చిత్రమును కాగితమునకు సరిపోవునట్లు కుదించును లేక సాగదీయును. అంచులేకుండ అచ్చువేయు ‘బార్డర్‌లెస్’ అమరిక చిత్రమును కొంచెము పెంచి అంచులను కోయును. అప్పుడు 35 మిల్లీమీటర్లు 35గా నిలువవు. కొలత ముఖ్యమైనచోట 100 శాతము లేక ‘యాక్చువల్ సైజు’ అని పెట్టి, వచ్చినదానిని స్కేలుతో కొలిచి చూడవలెను.

స్పష్టత సంగతియు ఇట్టిదే. అంగుళమునకు 300 చిత్రబిందువుల చొప్పున 4, 6 అంగుళముల ఫోటోకు 1200ను 1800తో గుణింపగా 21,60,000 చిత్రబిందువులు కావలెను. ప్రింటరుపై వ్రాసిన 1200, 4800 మున్నగు సంఖ్యలు సిరాచుక్కలవి, చిత్రబిందువులవి కావు. సిరాచుక్క పడుట లేక పడకుండుట తప్ప లేత ముదురులు దానికి లేవనుకొన్నచో, 16 గళ్ల చతురస్రములో ఎన్ని గళ్లు నిండినవనుదానినిబట్టి 17 ఛాయలు మాత్రమే కలుగును. కావుననే ఒక చిత్రబిందువునకు అనేక సిరాచుక్కలు కావలసివచ్చును. సెల్‌ఫోను సందేశములలో పంపిన ఫోటో చాలసార్లు చిన్నదగును. చిత్రములో లేని వివరమును ఏ అమరికయు తేలేదు; అందుచే మూలచిత్రమునే తీసికొనుట మేలు.

ఇక రంగులు. ఒక్కొక్క కాగితముపై ఒక్కొక్క సిరా ఏ రంగుగా కనబడునో కొలిచి వ్రాసిన పట్టికకు ప్రొఫైలు అని పేరు. ఈ పట్టికలు అన్ని యంత్రములకును ఒకే తీరున ఉండవలెనని 1993లో ఇంటర్నేషనల్ కలర్ కన్సార్టియం ఏర్పడెను. రంగులను సరిదిద్దు పని డ్రైవరైన చేయవలెను, చిత్రములు దిద్దు ప్రోగ్రామైన చేయవలెను. ఇద్దరును చేసినచో రెండుమారులు ఉప్పు వేసిన కూరవలె నగును.

లేసరు ప్రింటరు

లేసరు ప్రింటరులో ద్రవసిరా లేదు. 1938లో అమెరికాలో చెస్టరు కార్ల్‌సన్ సాధించిన జిరాక్సు పద్ధతియే దీనికి మూలము. స్థిరవిద్యుత్తు టోనరు పొడిని ఆకర్షింపగా, సుమారు 200 డిగ్రీల సెంటిగ్రేడు వరకు వేడెక్కు రోలరు దానిని కరిగించి కాగితమునకు అంటించును. మందపు అట్ట త్వరగా వేడెక్కదు. దానిని ‘థిక్’ అని చెప్పినచో యంత్రము నడకను తగ్గించియో, వేడిని పెంచియో పొడిని బాగుగా అంటించును. చెప్పనిచో టోనరు పొరలుగా రాలును. ఇంక్‌జెట్ కొరకు చేసిన ఫోటో కాగితమును లేసరు ప్రింటరులో ఎన్నడును పెట్టరాదు. దాని ప్లాస్టిక్ పూత కరిగి రోలరునకు అంటుకొని యంత్రమునే పాడుచేయును.

పొడిగాలి చేయు పని

ఇప్పుడు ముదిగుబ్బ గాలిని చూతము. పొట్లములోని కాగితపు బరువులో సుమారు 5 శాతము నీరే. చదరపు మీటరునకు 80 గ్రాములు తూగు ఎ-4 కాగితము ఒకటి 5 గ్రాములుండును; 500 కాగితముల కట్ట రెండున్నర కిలోలు. అందులో సుమారు 125 గ్రాములు నీరన్నమాట. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు, విప్పిపెట్టిన కట్టనుండి ఈ నీటిలో కొంత గాలిలోనికి పోవును. పోగులు కుంచించుకొని అంచులు పైకి లేచును. పొడికాగితముపై స్థిరవిద్యుత్తు నిలుచుటచే రెండు మూడు కాగితములు అంటుకొని ఒక్కసారిగా లోనికి పోవును. దీనికి అమరికలలో మందు లేదు. కావలసినన్ని కాగితములే తీసి, కట్టను మూసియుంచవలెను. పెట్టుటకు ముందు అంచులను విసరి విడదీయవలెను.

రంధ్రములలోని సిరాయు ఇట్లే ఎండును. ఎండకుండుటకై సిరాలో గ్లిసరిన్ వంటి పదార్థములు కలుపుదురు గాని, అవి కొంతకాలమే కాపాడును. వారమునకొకసారి అన్ని రంగులును గల చిన్న చిత్రమును అచ్చు తీయుట మంచిది. యంత్రమును గోడ స్విచ్చితో గాక దాని మీటతోనే ఆపవలెను. అప్పుడే తల తన స్థానమునకు పోయి, రంధ్రములపై మూత పడును. పలుమారులు శుభ్రపరచు ఆజ్ఞ ఇచ్చినచో విలువైన సిరా వ్యర్థమగును.

తరగతిలో చేయదగిన పరీక్ష

అద్దుడు కాగితము, వార్తాపత్రిక, వ్రాతకాగితము, ఫోటో కాగితము — ఈ నాలుగింటి ముక్కలపై ఒకే గొట్టముతో ఒక్కొక్క సిరాచుక్క వేసి, ఆరిన పిదప మచ్చల వ్యాసములను విద్యార్థులచే కొలిపింపవలెను. అమరికలలోని పేర్లకు అర్థము అప్పుడు కంటికే తెలియును. అట్లే క్రొత్తగా విప్పిన కట్టనుండి 20 కాగితములు తీసి తూచి, విడివిడిగా ఎండలో ఉంచి, వెంటనే మరల తూచినచో గాలి ఎంత నీటిని కొనిపోయెనో త్రాసే చెప్పును.

ఇక మన ఉదాహరణలోని ఫోటో. అచ్చయిన వెంటనే దానిని అద్దము వెనుక బిగింపక, ఒక దినమైన నీడలో ఆరనీయవలెను. పటమును ఎండ పడని గోడకు తగిలింపవలెను. కరిగిన అద్దకములు వెలుగునకు వెలియును. ఇంటివారికి పెద్దాయన ముఖము ఇక ఆ కాగితము మీదనే కదా. అది ఏండ్ల తరబడి నిలుచుటకు ఖరీదైన యంత్రముకంటె ముందు కావలసినది, చూపులేని యంత్రమునకు తాను పట్టిన కాగితమేదో నిజము చెప్పుట.