నేను గుమ్మం తొక్కని దుకాణాలు

పైన వీడియోలో బజ్జీల బాణలి చూశారు కదా, నూనె తారులా ఉంది. ఆ బండి దగ్గర నేను రెండేళ్లు తిన్నాను. పని మీద టౌనుకెళ్తే చాలు, బస్టాండు పక్కన ఒక ప్లేటు మిరపకాయ బజ్జీ పడాల్సిందే. ఒకరోజు కాస్త ముందే వెళ్లాను. ఆయన నిన్నటి నూనెను మడ్డితో సహా బాణలిలో వంచి, పైన కొత్త ప్యాకెట్ ఒకటి కత్తిరించి పోశాడు.

"ఇదేంటి బాబాయ్?" అన్నాను.

"పారబోస్తే గిట్టుబాటవుతుందా?" అన్నాడు. నూనె ధర చూస్తే ఆయన మాటా అబద్ధం కాదు. కానీ నేను మళ్లీ వెళ్లలేదు.

నూనెను మళ్లీ మళ్లీ కాచేకొద్దీ అందులో పోలార్ కాంపౌండ్లు అనేవి పెరుగుతాయి. అవి 25 శాతం దాటిన నూనె వాడకూడదని ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన 2018 జూలై 1 నుంచి అమల్లో ఉంది. అలాంటి నూనెను బయోడీజిల్‌కి పంపే ఏర్పాటూ ఆ ఏడాదే మొదలైంది గానీ, మా టౌనులో ఏ బండి దగ్గరా వాడిన నూనె విడిగా తీసి పెట్టడం నేను చూడలేదు. కొలిచే మీటరు మన జేబులో ఉండదు కదా. అందుకే కళ్లతో, ముక్కుతో చూసుకుంటాను. నూనె నల్లగా చిక్కబడిందా, నురగ ఆగకుండా పొంగుతోందా, మంట తక్కువున్నా పొగ లేస్తోందా, గొంతు గీరే వాసన వస్తోందా. వేడి బజ్జీని న్యూస్‌పేపర్లో పెట్టి ఇచ్చినా అంతే, ఆ సిరా మన కడుపులోకే పోతుంది.

రెండోది ఒక విత్తనాల షాపు. ఒక ఏడు నాటు విత్తనం దొరక్క అరెకరానికి బెండ విత్తనం అక్కడ కొన్నాను. బిల్లు అడిగితే "జీఎస్టీ పడుతుంది, నీకే నష్టం" అన్నాడు. సరేలే అనుకున్నాను. సగం కూడా మొలవలేదు. ఫిర్యాదు చేద్దామంటే చేతిలో కాగితం లేదు, లాట్ నంబరున్న ప్యాకెట్లు ఎప్పుడో పారేశాం. విత్తే విత్తనాలకు అసలు జీఎస్టీయే లేదని, 1983 విత్తన నియంత్రణ ఉత్తర్వు ప్రకారం బిల్లు ఇవ్వడం డీలరు బాధ్యత అని తర్వాత తెలిసింది. దున్నకం, కూలీలు, అదను, అన్నీ పోయాక తెలిసి ఏం లాభం!

మూడోది చెప్పడానికే కాస్త మొహమాటం. అది నా దుకాణమే.

ఆదివారాలు రోడ్డు పక్కన కూరగాయలు పెట్టి అమ్ముతాను. ఒకావిడ వంకాయలు ఏరుకుంటూ "వీటికి ఏం కొట్టారండీ?" అని అడిగింది. "ఏమీ కొట్టనమ్మా, ప్రకృతి వ్యవసాయం" అన్నాను. "మరి ఒక్కదానికీ పుచ్చు లేదేంటి?" అంది. నాకు కోపమొచ్చింది. "నమ్మితే తీసుకోండి, లేకపోతే లేదు" అన్నాను. ఆవిడ ఏరినవి మళ్లీ తట్టలో పోసి వెళ్లిపోయింది.

నిజానికి నీమాస్త్రం, అగ్ని అస్త్రం రెండూ కొట్టాను. పుచ్చు కాయలు ఇంటి దగ్గరే ఏరి ఆవుకి వేశాను. ఆ రెండు ముక్కలు చెబితే సరిపోయేది. బిల్లివ్వని వాడికీ నాకూ ఆ రోజు తేడా ఏముంది?

ఇప్పుడు ఏ మడికి ఏ రోజు ఏ కషాయం కొట్టానో ఒక నోటుబుక్కులో రాసి, తట్ట పక్కనే వేలాడదీస్తున్నాను. చాలామంది తిరగేస్తున్నారు. ఆవిడ మాత్రం ఇప్పటికీ రోడ్డుకి అవతలి పక్కనుంచే వెళ్తోంది.