మానవీయశాస్త్రాల నుంచి వైద్యవిద్యకు: అమెరికా ప్రవేశ విధానం - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

అమెరికాలో వైద్యవిద్య నాలుగేళ్ల డిగ్రీ తరువాత ఆరంభమవుతుంది. అందువల్ల సాహిత్యం, చరిత్ర, తత్త్వశాస్త్రం వంటి మానవీయశాస్త్రాలను ప్రధానాంశంగా చదివినవారికి కూడా వైద్యకళాశాలలో ప్రవేశం సాధ్యమవుతున్నది. ఈ ప్రవేశానికి ఉన్న షరతులను, మౌంట్ సైనాయ్ వైద్యకళాశాలలో వెల్లడైన ఫలితాలను వివరించి, తెలుగునాట వైద్యవిద్యలో భాషాసాహిత్యాలకు ఉండదగిన స్థానాన్ని సూచించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: మానవీయశాస్త్రాలు, వైద్యవిద్య, ఎంక్యాట్, కథనాత్మక వైద్యం, రోగి భాష.

1. ఉపోద్ఘాతం

తెలుగు రాష్ట్రాల్లో పదవ తరగతి ముగియగానే విద్యార్థి ఏ గ్రూపులో చేరాలో తేల్చుకోవలసి ఉంటుంది. బైపీసీ తీసుకున్నవారికి వైద్యవిద్యామార్గం తెరిచి ఉంటుంది. హెచ్ఈసీ, సీఈసీ గ్రూపులవారికి అది దాదాపు మూసుకుపోతుంది. నీట్ రాయడానికి ఇంటర్మీడియట్ స్థాయిలో భౌతిక, రసాయన, జీవశాస్త్రాల అధ్యయనం తప్పనిసరి కావడమే ఇందుకు కారణం. ఆ విధంగా పదిహేను, పదహారేళ్ల వయసులో జరిగే ఎంపిక జీవితకాలపు వృత్తిని నిర్ణయిస్తున్నది. అమెరికాలో ఈ నిర్ణయం డిగ్రీ చదువు మధ్యలో, కొందరి విషయంలో డిగ్రీ ముగిసిన తరువాత కూడా జరుగుతుంది. సాహిత్య విద్యార్థి వైద్యుడు కాగలడా అన్న ప్రశ్నకు అక్కడ లభించే సమాధానం వేరుగా ఉండటానికి ఇదే మూలం.

2. చారిత్రక నేపథ్యం

వైద్యవిద్యకు ముందు విజ్ఞానశాస్త్రాలు చదివి ఉండాలన్న నియమం అమెరికాలో స్థిరపడటానికి 1910లో వెలువడిన ఫ్లెక్స్‌నర్ నివేదిక ప్రధాన కారణం. కార్నెగీ ఫౌండేషన్ పక్షాన అబ్రహాం ఫ్లెక్స్‌నర్ అమెరికా, కెనడాలలోని 155 వైద్యకళాశాలలను పరిశీలించి దానిని రూపొందించాడు. ప్రవేశానికి ముందు కళాశాలస్థాయిలో రసాయన, భౌతిక, జీవశాస్త్రాల పునాది అవసరమని ఆ నివేదిక ప్రతిపాదించింది. ఫ్లెక్స్‌నర్ వైద్యుడు కాడు. జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో గ్రీకు, లాటిన్ ప్రాచీన సాహిత్యాలు చదివిన పట్టభద్రుడు. వైద్యవిద్యకు విజ్ఞానశాస్త్ర పునాదిని ఖాయం చేసిన నివేదిక ఒక సాహిత్య విద్యార్థి కలం నుంచి రావడం గమనార్హం.

3. ప్రవేశార్హతలు: పట్టా కాదు, కోర్సులు

అమెరికా వైద్యకళాశాలల్లో అధికభాగం ఏ ప్రధానాంశంలో పట్టా పొందాలన్నది నిర్దేశించవు; ఏయే కోర్సులు చదివి ఉండాలన్నదే నిర్దేశిస్తాయి. సాధారణంగా జీవశాస్త్రం, సాధారణ రసాయనశాస్త్రం, కర్బన రసాయనశాస్త్రం, భౌతికశాస్త్రం ప్రయోగశాల సహితంగా ఏడాదిపాటు చదవాలి. జీవరసాయనశాస్త్రాన్ని కోరే కళాశాలలు కూడా అనేకం. సాహిత్య విద్యార్థికి వీటి నుంచి మినహాయింపు లేదు.

ఇక్కడ రెండు ఇబ్బందులు ఎదురవుతాయి. మొదటిది కాలక్రమం. సాధారణ రసాయనం తరువాతే కర్బన రసాయనం, దాని తరువాతే జీవరసాయనం చదవవలసి ఉండటంతో, ఈ వరుసను ఆలస్యంగా మొదలుపెట్టినవారికి నాలుగేళ్లు చాలవు. అటువంటివారి కోసం బ్రిన్ మార్, గౌచర్ వంటి కళాశాలలు డిగ్రీ అనంతర సన్నాహక కోర్సులు నడుపుతున్నాయి. అయితే వాటికి అదనపు కాలమూ, అదనపు ఖర్చూ తప్పవు. రెండవది మార్కుల లెక్క. దరఖాస్తులో జీవ, రసాయన, భౌతిక, గణితశాస్త్రాల సగటును విడిగా గణిస్తారు. జీవశాస్త్ర విద్యార్థి ఈ విభాగాల్లో ఎక్కువ కోర్సులు చదువుతాడు కనుక ఒక కోర్సులో వెనుకబడినా సగటు నిలబడుతుంది. సాహిత్య విద్యార్థి చదివేవి తక్కువ కాబట్టి ఒక్క తక్కువ గ్రేడు సగటును గణనీయంగా దించుతుంది.

ప్రవేశపరీక్ష అయిన ఎంక్యాట్‌ను 2015లో సంస్కరించారు. ప్రస్తుత పరీక్షలోని నాలుగు విభాగాల్లో మూడు ప్రకృతి, మానసిక, సామాజిక శాస్త్రాలకు చెందినవి. నాలుగవది విమర్శనాత్మక విశ్లేషణకు, తార్కిక పఠనానికి సంబంధించినది. ఇందులో 90 నిమిషాల్లో 53 ప్రశ్నలకు సమాధానాలు గుర్తించాలి. పఠనభాగాలన్నీ మానవీయ, సామాజిక శాస్త్రాల నుంచి తీసుకున్నవే. సమాధానానికి బయటి విషయజ్ఞానం అవసరం లేదు. రచయిత వాదాన్ని, స్వరాన్ని, అంతరార్థాన్ని పట్టుకోగలగాలి. సాహిత్య తరగతిలో అలవడే సూక్ష్మపఠనం నేరుగా ఉపకరించేది ఈ విభాగంలోనే.

భారతదేశంలో బి.ఏ. చదివినవారికి ఈ మార్గం సులువుగా అందేది కాదు. అనేక వైద్యకళాశాలలు అమెరికా లేదా కెనడా విద్యాసంస్థల్లో చదివిన కోర్సులనే కోరుతాయి. విదేశీ విద్యార్థులను చేర్చుకునే కళాశాలల సంఖ్య కూడా పరిమితం. కాబట్టి ఈ అవకాశం ప్రధానంగా అక్కడే పెరిగి, అక్కడే డిగ్రీ చదివే తెలుగు కుటుంబాల పిల్లలకు వర్తిస్తుంది.

4. మౌంట్ సైనాయ్ ప్రయోగం

న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్ వైద్యకళాశాల 1987లో మానవీయశాస్త్రాల విద్యార్థుల కోసం ప్రత్యేక ప్రవేశపథకాన్ని ఆరంభించింది. అందులో ఎంపికైనవారు ఎంక్యాట్ రాయనవసరం ఉండేది కాదు. కర్బన రసాయనం, భౌతికశాస్త్రాలలో పూర్తిస్థాయి కోర్సులు చదవనవసరమూ ఉండేది కాదు. 2004 నుంచి 2009 వరకు పట్టా పొందిన 85 మంది ఈ పథకపు విద్యార్థులను, సంప్రదాయ మార్గంలో వచ్చిన 606 మందితో పోల్చి డేవిడ్ ముల్లర్, నాథన్ కేస్ 2010లో అధ్యయనం ప్రచురించారు. లైసెన్సు పరీక్ష తొలి అంచెలో సాహిత్య నేపథ్యంవారి సగటు కొంత తగ్గింది. ఆసుపత్రి శిక్షణలో మాత్రం ఇరువర్గాల ప్రతిభలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. ప్రాథమిక వైద్యం, మనోరోగచికిత్సల వైపు వీరి మొగ్గు ఎక్కువగా ఉంది.

ఈ ఫలితాలను సరైన పరిమితుల్లోనే గ్రహించాలి. ఎంపికైనవారు ముందే ఉన్నత ప్రతిభ చూపినవారు; అధ్యయనం జరిగింది ఒకే కళాశాలలో. సాహిత్యం చదివితే మంచి వైద్యుడవుతాడని ఇది నిరూపించదు. సాహిత్యం చదవడం వైద్యుడు కావడానికి అడ్డంకి కాదని మాత్రం నిరూపిస్తుంది.

5. రోగి కథనం - వైద్యుని పఠనం

ఆంగ్లసాహిత్యంలో పిహెచ్.డి. పొందిన వైద్యురాలు రీటా ఛారన్ కొలంబియా విశ్వవిద్యాలయంలో కథనాత్మక వైద్యాన్ని ఒక అధ్యయనరంగంగా నెలకొల్పారు. రోగి చెప్పేది లక్షణాల జాబితా కాదని, అదొక కథనమని, దాన్ని వినడానికి శిక్షణ అవసరమని ఈ రంగం భావిస్తుంది.

తెలుగు రోగి భాషను పరిశీలిస్తే ఈ భావన మరింత స్పష్టమవుతుంది. "వేడి చేసింది" అన్న మాటకు మూత్రంలో మంట, నోటిపూత, కళ్ల మంటలలో ఏదైనా అర్థం కావచ్చు. "గుండెల్లో గాభరాగా ఉంది" అన్నవారికి ఉన్నది గుండెదడ కావచ్చు, మనోవేదన కావచ్చు. "నీరసం" రక్తహీనతను సూచించవచ్చు, చెప్పుకోలేని దిగులునూ సూచించవచ్చు. ఒకే మాటకు సందర్భాన్నిబట్టి అర్థం మారడం సాహిత్య విద్యార్థికి తెలిసిన విషయమే. వైద్యునికి ఆ ఎరుక లేనప్పుడు రోగనిర్ధారణే దారి తప్పవచ్చు.

6. ముగింపు

అమెరికా విధానం సాహిత్య విద్యార్థికి అవకాశం ఇస్తుంది, రాయితీ ఇవ్వదు. విజ్ఞానశాస్త్రాల్లో సమాన పరిశ్రమ అక్కడా తప్పదు. డిగ్రీ అనంతర ప్రవేశం లేని మన దేశంలో ఈ నమూనాను యథాతథంగా అనుసరించడం కుదరదు. సాహిత్యం నుంచి వైద్యానికి వెళ్లే దారి ఇరుకైనచోట, వైద్యవిద్యలోకే సాహిత్యాన్ని తీసుకువెళ్లడం సాధ్యమైన మార్గం. 2019 నుంచి అమలులోకి వచ్చిన ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళికలో వైఖరి, నైతికత, సంభాషణలకు సంబంధించిన పాఠ్యాంశం చేరింది. ప్రారంభదశ శిక్షణలో స్థానికభాషకు కూడా చోటు లభించింది. రోగులు వాడే తెలుగు మాటలను ప్రాంతాలవారీగా సేకరించడం, డాక్టర్ కేశవరెడ్డి, డాక్టర్ కొమ్మూరి వేణుగోపాలరావు వంటి వైద్యరచయితల రచనలను వైద్యవిద్యార్థుల పఠనానికి అనువుగా వ్యాఖ్యానించడం తెలుగు శాఖలు చేపట్టదగిన పనులు. అటువంటి పరిశోధన తెలుగు అధ్యయనపు సామాజిక ప్రయోజనాన్ని ఆసుపత్రి దాకా విస్తరింపజేస్తుంది.