సీమ లాంటి సముద్రతీరం

పాములపాడు మండలంలో నీళ్లకు కొదవలేదు, కనీసం కళ్లతో చూడటానికి. పోతిరెడ్డిపాడు దగ్గర శ్రీశైలం జలాశయాన్ని వదిలిన కాలువ పదహారు కిలోమీటర్లు పారి బనకచర్లకు చేరుతుంది. అక్కడి క్రాస్ రెగ్యులేటర్ దాన్ని మూడు దారులు పట్టిస్తుంది. అందులో ఒకటైన తెలుగుగంగ వెలుగోడు, సోమశిల, కండలేరు దాటుకుని చెన్నై దాకా వెళ్తుంది. సముద్రం ఒడ్డున కూర్చున్న నగరానికి మనం తాగునీరు పంపుతాం. మనకు మాత్రం సముద్రం చూడాలంటే నల్లమల అడ్డం. నంద్యాలలో గుంటూరు రైలెక్కి, గిద్దలూరు, మార్కాపురం దాటి, అక్కణ్నుంచి బాపట్ల సూర్యలంకకో, ఒంగోలు దిగువన కొత్తపట్నానికో పోవాలి. ఈ ప్రాంతంలో చాలామంది పెద్దవాళ్లు సముద్రాన్ని మొదటిసారి చూసింది చెన్నై ఆస్పత్రికి వెళ్లినప్పుడు, లేకుంటే రామేశ్వరం యాత్రలో.

అలాంటి చోట ఇప్పుడు వియత్నాం మాట వినబడుతోంది. నంద్యాల విత్తనాల ఊరు. సీజన్‌లో టార్గెట్ కొట్టిన డీలర్లను విదేశాలకు తిప్పడం విత్తనాలు, ఎరువుల వ్యాపారంలో పాత అలవాటే. ఒకప్పుడు ఆ టూరంటే బ్యాంకాక్. ఇప్పుడా జాబితాలోకి వియత్నాం వచ్చింది. 2024లో ఆ దేశానికి వెళ్లిన భారతీయులు ఐదు లక్షలకు పైనే. 2025లో హైదరాబాద్ నుంచి హనోయికి, హో చి మిన్ సిటీకి నేరుగా విమానాలు మొదలయ్యాక మనవాళ్లకు ఇంకా దగ్గరైంది. కర్నూలువైపు నుంచి వెళ్లేవాళ్లకు ఒక సుఖం కూడా ఉంది. శంషాబాద్ విమానాశ్రయం బెంగళూరు హైవే పక్కనే కాబట్టి హైదరాబాద్ ట్రాఫిక్‌లో చిక్కుకోనక్కర్లేదు.

వెళ్లొచ్చినవాళ్ల ఫోన్లు చూడండి. అందరివీ అవే ఫొటోలు. రాతి చేతులు ఎత్తి పట్టుకున్నట్టుండే బానా హిల్స్ బంగారు వంతెన, హాలాంగ్ బేలో పడవ, సైగాన్‌లో (హో చి మిన్ సిటీ పాత పేరు) రాత్రి వీధి. ‘వియత్నాం అంటే ఆ చేతుల బ్రిడ్జే కదన్నా!’ అనేవాళ్లను తప్పుపట్టలేం. ప్యాకేజీ బస్సు ఎక్కడ ఆగితే అక్కడే దిగుతాం. అయితే నంద్యాల, ఆళ్లగడ్డ, ఆత్మకూరు వైపు మనిషి ఆ దేశంలో నాలుగు రోజులే ఉండాల్సివస్తే, నన్నడిగితే ఆ వంతెన కన్నా ముందు చూడాల్సిన ఊరు వేరే ఉంది. దాని పేరు ఫాన్ రాంగ్. మన ప్యాకేజీల్లో ఈ పేరు కనిపించడం అరుదు.

వియత్నాం అనగానే పచ్చటి వరిచేలు, విడవని వాన గుర్తొస్తాయి. ఫాన్ రాంగ్ దానికి విరుద్ధం. దేశం మొత్తంలో అతి తక్కువ వాన పడే తీరమిది. ఏడాదికి 700 మిల్లీమీటర్లు పడితే గొప్ప. మన సీమలో పడేదీ ఇంచుమించు అంతే. మూడు వైపులా కొండలు మేఘాలను ఆపేస్తాయి, నాలుగో వైపు సముద్రం. మధ్యలో ఎర్రమట్టి, ముళ్లచెట్లు, బ్రహ్మజెముడు, బండరాళ్లు. రోడ్డు వెంట గొర్రెల మందలు. పందిళ్లకెక్కించిన ద్రాక్ష, వెల్లుల్లి మళ్లు, కలబంద తోటలు. వాన తక్కువ కాబట్టి ఉప్పుమళ్లు విస్తారంగా ఉన్నాయి. వియత్నాం తినే ఉప్పులో పెద్దపాలు ఈ తీరానిదే.

వేపచెట్లు కూడా కనిపిస్తాయి. ఎగిరే ఇసుకను ఆపడానికి 1980లలో అక్కడి అటవీ శాస్త్రవేత్తలు ఆఫ్రికా నుంచి విత్తనాలు తెప్పించి నాటించారు. మన పెరటి చెట్టు ఆఫ్రికా మీదుగా చుట్టు తిరిగి అక్కడికి చేరిందన్నమాట. ఇక ఎండనూ గాలినీ అమ్ముకోవడం రెండు చోట్లా కొత్త పంటే. గని, శకునాల గ్రామాల మధ్య వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు 2017 నాటికి సిద్ధమైతే, ఫాన్ రాంగ్ చుట్టూ సోలార్ పలకలు 2019 నుంచి ఒక్కసారిగా పరుచుకున్నాయి. పిన్నాపురంలో ఉన్నట్టే అక్కడా కొండమీదికి నీళ్లు తోడి కరెంటు తీసే ప్రాజెక్టు కడుతున్నారు.

ఇంత పోలిక ఉన్నా తేడా ఒక్కటుంది. ఆ ఎర్రనేల పోయి పోయి నీలిసముద్రంలో ముగుస్తుంది.

ఊరికి ఆనుకునే నిన్ చూ బీచ్. వంపు తిరిగిన ఇసుకతీరం, లోతు మెల్లగా పెరిగే నీళ్లు, పెద్దగా ఎగసిపడని కెరటాలు. పిల్లాపాపలతో వెళ్లేవాళ్లకు ఇదే మేలు. కాలువలో, జలాశయం వెనక జలాల్లో ఈత నేర్చిన కుర్రాళ్లకు ఒక మాట చెప్పాలి. పారే నీటి ఈత వేరు, సముద్రం ఈత వేరు. అల వెనక్కి లాగేటప్పుడు దానికి ఎదురీదకూడదు, పక్కకు ఈది బయటపడాలి. ఉత్తరంగా తీరం వెంబడి నలభై కిలోమీటర్లు వెళ్తే విన్ హి అనే చిన్న అఖాతం. ఆ దారే ఒక విహారం. ఒక పక్క రాళ్ల కొండలు, ఇంకో పక్క సముద్రం. విన్ హిలో అడుగున అద్దం బిగించిన పడవల్లోంచి పగడపు దిబ్బలు చూడొచ్చు. దాన్ని ఆనుకునే నుయి చువా జాతీయవనం ఉంది. సముద్ర తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుక తిన్నెలు, వాటి వెనకే ముళ్ల అడవి. 2021లో యునెస్కో దీన్ని జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా గుర్తించింది.

బీచ్‌కు ఒక పూట చాలు. రెండో పూట ఊరికి పడమరగా ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలోని థాప్ చామ్ రైల్వేస్టేషన్ వైపు వెళ్లండి. స్టేషన్ దగ్గరే చిన్న గుట్ట. గుట్టమీద ఎర్ర ఇటుకల గోపురాలు. అది పో క్లోంగ్ గరాయ్ గుడి. ద్వారం పైన నాట్యమాడే శివుడు. లోపల ముఖలింగం. ముందు గదిలో నంది. పంట బాగా పండాలని రైతులు ఆ నందికి నైవేద్యం పెట్టడం అక్కడి ఆచారం. మహానంది నుంచి సూర్యనంది దాకా నవనందులను ఒక్కరోజులో చుట్టి వచ్చే నంద్యాల మనిషికి ఆ గదిలో కొత్తేమీ అనిపించదు.

ఇవి చాముల గుడులు. వియత్నాం మధ్య, దక్షిణ తీరాల్లో వెయ్యేళ్లకు పైగా చంపా రాజ్యాలు నిలిచాయి. వాటి ప్రాంతాలకు ఇంద్రపుర, అమరావతి, విజయ, కౌఠార, పాండురంగ అని పేర్లు. ఈ ఫాన్ రాంగే ఆనాటి పాండురంగ. మిగతా చంపా అంతా ఒక్కొక్కటిగా వియత్నాం రాజుల చేతిలోకి పోయినా ఇది చివరిదాకా నిలిచి, 1832లో మిన్ మాంగ్ చక్రవర్తి కాలంలో కలిసిపోయింది. ఈ పేర్లు వినగానే మనవాళ్లకు ఒక ఉత్సాహం వస్తుంది, ‘అవన్నీ మనవాళ్లు వెళ్లి కట్టినవే’ అని. ఆ ఉత్సాహం కాస్త తగ్గించుకుంటే మంచిది. సంస్కృతం, దక్షిణాది లిపి, శివుడు ఓడలెక్కి వెళ్లిన మాట నిజం. న్యా ట్రాంగ్ దగ్గర వో కాన్ అనే పల్లెలో దొరికిన సంస్కృత శాసనం ఆగ్నేయాసియాలో అతి పాత శాసనాల్లో ఒకటి. కానీ గుడి కట్టింది చాములు, ఇటుక కాల్చింది చాములు. ఆ ఇటుకల మధ్య సున్నం గీత కనబడకుండా ఎలా అతికించారో నేటికీ నిపుణులు వాదించుకుంటూనే ఉన్నారు. ఆళ్లగడ్డ శిల్పులు ఒక్కసారి ఆ గోడలు చూసొస్తే వాళ్లేమంటారో వినాలని ఉంది.

అసలు ఆసక్తి ఆ గుడి పేరులో ఉన్న రాజు కథలో ఉంది. గుడి కట్టించింది పదమూడో శతాబ్దం చివర్లో జయసింహవర్మ. గుడి వెలసింది మాత్రం అంతకు ముందటి రాజైన పో క్లోంగ్ గరాయ్ పేరు మీద. చాముల కథల్లో ఆయన పశువులు కాసుకునే కుర్రాడు, తర్వాత రాజు. ఖ్మేర్ సైన్యం దండెత్తి వస్తే, ‘యుద్ధమెందుకు, ఎవరు ముందు గోపురం కడితే వాళ్లదే గెలుపు’ అని పందెం వేసి గెలిచాడట. ఈ ఎండిన నేలకు నీళ్లు తెచ్చింది ఆయనేనని చాముల నమ్మకం. న్యా త్రిన్ ఆనకట్ట ఆయనే కట్టించాడని చెప్తారు. లోపలి ముఖలింగం మీద ఉన్న ముఖం ఆయనదే. ఆనకట్ట కట్టిన రాజు దేవుడయ్యాడు.

ఈ కథ బనకచర్ల దగ్గరివాళ్లకు వేరేగా వినిపిస్తుంది. శ్రీశైలం ఆనకట్ట మనకూ నీళ్లిచ్చింది. ఆ నీళ్లే సంగమేశ్వరాన్ని ముంచాయి. వేపదారు లింగం ఉన్న ఆ గుడి ఏడాదిలో ఎక్కువ నెలలు నీటి అడుగునే ఉంటుంది. మట్టం తగ్గినప్పుడు బయటపడితే జనం పడవలేసుకుని, బురదలో నడిచి వెళ్లి పూజ చేసుకుంటారు. నీళ్లిచ్చినవాడికి గుట్టమీద గుడి కట్టుకున్న జనాన్ని చూస్తే కొంచెం అసూయే.

చాముల్లో బ్రాహ్మణమతం పాటించేవాళ్లను బలమోన్ అంటారు. స్థానిక ఇస్లాం పద్ధతిని పాటించేవాళ్లు బని. మొదటివాళ్లు ఆవు మాంసం తినరు, రెండోవాళ్లు పంది మాంసం ముట్టరు. రెండు వర్గాలూ ఇక్కడ పక్కపక్క పల్లెల్లో బతుకుతున్నాయి. బలమోన్‌ల పెద్ద పండుగ కతే. చాముల పంచాంగంలో ఏడో నెల మొదటి రోజు, సాధారణంగా సెప్టెంబర్ చివర్లోనో అక్టోబర్‌లోనో వస్తుంది. దేవతల బట్టలు గుడిలో ఉండవు. కొండల్లోని రగ్లాయ్ గిరిజనుల దగ్గర భద్రంగా ఉంటాయి. పండుగకు వాళ్లే ఊరేగింపుగా దించుకొచ్చి ఇస్తారు. చాముల్లో ఆస్తి తల్లి నుంచి చిన్న కూతురికి వస్తుంది. రగ్లాయ్‌లను వాళ్లు చిన్న తోబుట్టువులుగా చెప్పుకుంటారు, అందుకే ఆ బట్టలు వాళ్ల దగ్గర. అహోబిలం నరసింహుడు చెంచులింటి అల్లుడు, పారువేటకు అడవిపల్లెలన్నీ తిరిగి వస్తాడు. అది చూసినవాళ్లకు ఈ వరస విప్పి చెప్పనక్కర్లేదు.

ఊరికి దక్షిణంగా బావ్ ట్రుక్ అనే కుండల పల్లె ఉంది. అక్కడ సారె తిరగదు, మనిషి తిరుగుతుంది. మట్టిముద్దను పీఠం మీద పెట్టి, కుమ్మరి స్త్రీ దాని చుట్టూ వెనక్కి వెనక్కి నడుస్తూ చేత్తో కుండ లేపుతుంది. ఆరాక గడ్డి, కట్టెలు పేర్చి ఆరుబయటే కాలుస్తారు. పని తల్లి నుంచి కూతురికే. నేర్చుకునే పిల్లలు తగ్గిపోవడంతో 2022లో యునెస్కో దీన్ని తక్షణం కాపాడాల్సిన వారసత్వాల్లో చేర్చింది. అక్కడ కొనే చిన్న కుండ మీ సామాన్లలో బరువే, అయినా కొనండి.

తిండి సంగతికొస్తే, పొద్దున్నే వీధుల్లో మట్టి మూకుళ్లలో బియ్యప్పిండి పోసి కాల్చే బాన్ కన్ కనిపిస్తుంది. అచ్చం మన గుంత పొంగణాలే. కాకపోతే గుడ్డో రొయ్యో వేసి చేపల పులుసుతో ఇస్తారు. మేక మాంసం ఈ ప్రాంతపు ప్రత్యేకత, కాబట్టి సీమవాళ్లకు బెంగ లేదు. శాకాహారులు మాత్రం ముందే జాగ్రత్తపడాలి. కూరగాయలు మాత్రమే అని చెప్పినా చేపల రసం పడుతుంది. బోర్డు మీద ‘చాయ్’ అని ఉన్న హోటల్ వెతకండి. అక్కడ అది టీ కొట్టు కాదు, శాకాహార భోజనం. బౌద్ధులు పున్నమికి, చాంద్రమాసపు తొలి రోజుకు మాంసం మానేస్తారు కాబట్టి ఇలాంటివి చిన్న ఊళ్లలోనూ ఉంటాయి. పొడులు, ఊరగాయ ఎలాగూ సంచిలో ఉంటాయిగా.

వెళ్లే దారి చెప్పుకుందాం. ఈ-వీసా ఇంటి నుంచే తీసుకోవచ్చు. ఒకసారి ప్రవేశానికి 25 డాలర్లు, తొంభై రోజుల దాకా చెల్లుతుంది. హైదరాబాద్ నుంచి హో చి మిన్ సిటీ చేరి, అక్కడి సైగాన్ స్టేషన్‌లో ఉత్తరానికి పోయే రైలెక్కితే ఆరేడు గంటల్లో థాప్ చామ్. తిరుగు ప్రయాణంలో ఉత్తరంగా వంద కిలోమీటర్లు పైకి పోయి న్యా ట్రాంగ్‌లో ఒక రాత్రి ఆగొచ్చు. అక్కడ పో నగర్ అమ్మవారి గుడి తప్పకుండా చూడాలి. 774లో సముద్రపు దొంగలు తగలబెడితే పదేళ్లకు సత్యవర్మ మళ్లీ కట్టించాడు. చాముల భగవతి ఇప్పుడు వియత్నామీయులకూ తల్లే. ప్లేగు క్రిమిని కనిపెట్టిన అలెగ్జాండర్ యెర్సిన్ జీవితంలో ఎక్కువ భాగం ఆ ఊళ్లోనే గడిపి 1943లో అక్కడే కన్నుమూశాడు. ఆయన మ్యూజియం చిన్నదే కానీ బాగుంటుంది. మిగతా న్యా ట్రాంగ్ అంతా హోటళ్ల అడవి. రెండు ఊళ్లకూ నడుమ కామ్ రాన్ విమానాశ్రయం ఉంది. అక్కణ్నుంచి సైగాన్‌కు ఎగిరితే రైలు సమయం మిగులుతుంది.

పాత మ్యాపులు వాడేవాళ్లు ఒకటి గమనించాలి. ఫాన్ రాంగ్ ఉన్న నిన్ థువాన్ రాష్ట్రం 2025 జులై 1 నుంచి ఖాన్ హోవాలో కలిసిపోయింది. హోటల్ బుకింగుల్లో చిరునామా ఒక్కోచోట ఒక్కోలా కనిపిస్తే కంగారు పడకండి. రూపాయికి సుమారు మూడొందల డాంగ్‌లు వస్తాయి. బిల్లులో సున్నాలు చూసి గుండె ఆగినంత పనవుతుంది, అది మామూలే. జనవరి నుంచి ఆగస్టు దాకా ఆకాశం తేటగా ఉంటుంది. సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా ఆ కాస్త వానా ఒక్కసారే కురుస్తుంది. కతే పండుగ సరిగ్గా అప్పుడే. పండుగ చూడాలా, సముద్రం చూడాలా అన్నది టికెట్ కొనేముందే ఇంట్లో తేల్చుకోండి.