తెరమీద మన పొలము: మారుచున్న వానకాలమును చూపు విధము

హుజూర్‌నగర్ ప్రాంతపు రైతునకు వాన సంగతి ఒకరు నేర్పనక్కరలేదు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ క్రింద 2023లో జలాశయమున నీరు చాలక సాగు దెబ్బతిన్నది. మరుసటి ఏడు సెప్టెంబరు మొదట నడిగూడెం మండలములో అదే కాలువకు గండి పడి పొలములు మునిగినవి.

గాలి ఒక డిగ్రీ వేడెక్కిన కొలది అది పట్టి ఉంచగల తేమ సుమారు 7 శాతము పెరుగును. కావున కురిసినప్పుడు కుండపోతగా కురియుట హెచ్చుచున్నది. ఈ మాట నేను అంకెలతో చెప్పినప్పుడు రైతులు మర్యాదకు తల ఊపిరి, అంతే. అంకెలో వారి మడి కనబడదు గదా!

జహీరాబాద్ వద్ద పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వారు వేరొక త్రోవ పట్టినారు. దూరదర్శన్‌లో పనిచేసి వచ్చిన కీ.శే. పి.వి. సతీష్ మొదలగువారు, చాలమందికి చదువు రాని దళిత మహిళలకు వీడియో కెమెరా నేర్పించిరి. ఆ మహిళలు దానికి తమ భాష కల్పించుకొనిరి. క్రింద నుండి పైకి తీసినచో అది ‘పటేల్ షాట్’, మనిషి దొరవలె కనబడును. కంటికి కన్ను సమముగా తీసినది ‘సంఘం షాట్’. మా శాఖ చిత్రములలో అధికారులము ఎక్కువగా పటేల్ షాట్‌లోనే ఉందుమని ఒప్పుకొనక తప్పదు.

డిజిటల్ గ్రీన్ సంస్థ పద్ధతియు ఇట్టిదే. ఊరి రైతునే చిత్రించి, చిన్న ప్రొజెక్టరుతో పదిమందికి చూపి, నడుమ ఆపి ప్రశ్నలడుగుదురు. ఒక రైతు చేత కొత్త పద్ధతిని అనుసరింపజేయుటకగు ఖర్చును బట్టి చూడగా, ఇది మామూలు విస్తరణకన్న పదిరెట్లు ఫలప్రదమని 2009లో ప్రకటించిన పరిశీలనలో తేలినది.

నేనును సెల్‌ఫోనుతో ప్రయత్నించితిని. చివరి ఆయకట్టు రైతు ఒకరు తమ గట్టు మీదనే కూర్చుండి మాట్లాడినారు. కాలువ నీటికై ఎదురుచూడగా నారు ముదిరినది. మరుసటి ఏడు స్వల్పకాలిక రకమును పొడి దుక్కిలో విత్తినారు. విత్తిన రెండు మూడు రోజులలో, నేల తేమగా నుండగా పెండిమిథాలిన్ కొట్టుట తప్పి, కలుపు కూలి తడిసి మోపెడైనది. ఈ చివరి మాట తీసివేయుదమా అనుకొంటిని. ఉంచుటయే మేలైనది. రైతు వేదికలో చూపగా మొదటి ప్రశ్న, “ఆయనది ఏ తూము కింద?” రెండవది కలుపు గురించే. ఆ అరగంట వాదము నా పది ఉపన్యాసములలో ఎన్నడును పుట్టలేదు.

గ్రామోద్యోగులు ఇట్టి చిత్రములను పది నిమిషములకు మించనీయరాదు. నష్టము దాచరాదు. సభలో వచ్చిన ప్రశ్నలను వ్రాసి పంపవలెను. ఇప్పటికే ఒకటి వచ్చియున్నది: కోతకు వచ్చిన వరి ముంపులో పడినప్పుడు కంకి మీద మొలక రాకుండుట ఎట్లు? లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి పిచికారి చేయవలెనని సిఫారసు కలదు. అట్లు చేసి చూచిన రైతులెవరైనను, ఫలించినను ఫలింపకున్నను, కబురు చేసినచో ఫోను పట్టుకొని వత్తును.